బెల్లం ఇంట్లో బాలింత

మా మనుమడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన పొద్దునే మా ఇంటి ముందు బెల్లం లారీ ఆగింది. సరుకు మరునాడు వస్తుందని షావుకారు చెప్పాడు. పిల్లాణ్ని ఇంకో రెండు రోజులు ఉంచుకుంటామని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరి మాటా తప్పింది. మా ఆయన సుదర్శన్ ఆటో లారీ వెనక ఇరుక్కుపోయింది. అందులో మా బిడ్డ మనీషా చెవుల చుట్టూ గుడ్డ కట్టుకుని, పిల్లాణ్ని రొమ్ముకు అదుముకుని కూర్చుంది. హమాలీలు బెల్లం ముద్దలు దించుతూనే ఉన్నారు. "జర ఆగుండ్రన్నా, బాలింతను లోపలికి పోనియ్యుండ్రి" అని నేను కేక వేసేసరికి సగం సరుకు లోపలికి చేరిపోయింది. అట్లా ముందు బెల్లం గడప దాటింది, తర్వాత పిల్లాడు దాటాడు, ఇద్దరి వెనకా ఈగలు దాటాయి.

మాది వేములవాడ. బస్టాండు నుంచి గుడికి పోయే సందులో మా ఇల్లు. మేడారం జాతర ఉన్న ఏడాది జనం ముందు రాజన్న దగ్గరికి వచ్చి, ఆ తర్వాతే సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోతారు. మొక్కుకున్నవాళ్ళు తమ బరువుకు సమానంగా బెల్లం తూకం వేయిస్తారు. అప్పుడు దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మా ముందు గదిలో పెద్ద కాంటా వేలాడుతుంటుంది. ఒక పళ్ళెంలో మనిషి కూర్చుంటే రెండో పళ్ళెంలో నేను ముద్దలు పేరుస్తాను. జాతర రెండేళ్ళకోసారి. ఆ కొద్ది వారాల అమ్మకమే మాకు మళ్ళీ జాతర దాకా నిలబడే ఆధారం.

పిల్లాడు నెల ముందే పుట్టాడు. బరువు తక్కువని అద్దాల పెట్టెలో ఉంచారు. పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "తల్లిపాలు తప్ప ఇంకేదీ నోట్లో పెట్టొద్దు. చేతులు కడుక్కోకుండా ఎవరూ ముట్టుకోవద్దు. ముఖ్యంగా ఈగలు వాలనీయకండి. ఈ బరువులో ఒక్కసారి విరేచనాలు పట్టినా వీడు తట్టుకోలేడు" అంది. నేను తల ఊపాను. ఇంట్లో ఏం వ్యాపారమో ఆమెకు చెప్పలేదు.

ఆ సాయంత్రం మా ఆయన బెల్లం రాశి చుట్టూ ఒకసారి తిరిగి, టార్పాలిన్ ఎత్తి చూసి, మళ్ళీ కప్పాడు.

"వనితా, ఈసారి దుకాణం బంద్ పెడ్దామా? సరుకు వాపస్ పంపుదాం."

"ఎందుకు? పిలగాడు ఎనుక అర్రల ఉంటడు, బెల్లం ముందు అర్రల ఉంటది. నడుమ దర్వాజ ఉన్నది గదా."

"దర్వాజ మనకున్నది. ఈగలకు ఏముంటది?"

"దర్వాజ నేను చూసుకుంట. నువ్వు ఆటో చూసుకో" అన్నాను.

నేను అట్లాంటి మనిషినే. ఒక పని అవుతుందని నోటితో అంటే, అయ్యేదాకా నాకు అన్నం దిగదు.

మా ఇల్లు రైలు పెట్టెలాగా ఒకదాని వెనక ఒకటి మూడు గదులు. ముందు దుకాణం, నడుమ వంటకూ స్నానానికీ పోయే చిన్న గది, ఆ వెనక మనీషా పడుకునే గది. వెనక గదికి ఒక కిటికీ ఉంది, అది పక్క సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందులో, గుడి చుట్టూ తిప్పే కోడె మొక్కు కోసం తెచ్చిన కోడెలను కడతారు. ఇక చెప్పేదేముంది? ముందు నుంచి బెల్లం ఈగలు, వెనక నుంచి పేడ ఈగలు.

కిటికీ మూశాను. తలుపు మూశాను. మనీషాకు గాలాడక చెమటలు పట్టాయి. మూసిన తలుపు కూడా మనిషి వచ్చేదాకే మూసి ఉంటుంది. నీళ్ళకని, కారం తగ్గించి వండిన కూరకని, పిల్లాడి గుడ్డలకని గంటకు పదిసార్లు తెరిచేవాళ్ళం. పాత చీర తెరగా కట్టాను. ఈగలు దాని మీద బారులు తీరి కూర్చుని, ఎవరైనా ఎత్తగానే వాళ్ళతోపాటు లోపలికి వచ్చేవి. వేపాకు పొగ వేస్తే పిల్లాడు తుమ్మాడు, కళ్ళు ఎర్రబడ్డాయి. ఆర్పేశాను. స్ప్రే కొట్టొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. ప్లాస్టిక్ కవర్లలో నీళ్ళు నింపి గుమ్మానికి వేలాడదీస్తే ఈగలు రావని మా ఆయన ఎక్కడో విన్నాడు. వేలాడదీశాం. మధ్యాహ్నానికల్లా కవర్ల మీదా ఈగలే.

నాలుగు రోజులకు మా వియ్యపురాలు స్వర్ణలత సిరిసిల్ల నుంచి వచ్చింది. వాళ్ళకు అక్కడ మరమగ్గాల షెడ్డు ఉంది. ఇస్త్రీ చీర మడత నలగకుండా బస్సు దిగే మనిషి. వాళ్ళింట్లో నేల మీద దూది పోగు కనిపిస్తే వంగి దాన్ని తీసేదాకా మాట ముందుకు సాగదు. ఓమ, ఎండు కొబ్బరి, పిల్లాడికి మెత్తటి పాత ధోవతి గుడ్డలు సంచీ నిండా తెచ్చింది. చేతులు కడుక్కుని లోపలికి పోయింది. 

నేను ముందు గదిలో మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయన్ని కాంటాలో కూర్చోబెట్టి బెల్లం పేరుస్తున్నాను. స్వర్ణలత వచ్చి నా పక్కన నిలబడింది.

"వదినె, మీరు ఏమనుకోకుండ్రి. కోడల్ని, పిలగాన్ని నేను తీస్కపోత."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "గదేంది వదినె? తొలి కాన్పు తల్లిగారింట్లనే గదా. ఐదో నెల దాక బిడ్డ నా తాననే ఉంటది."

"ఇది తల్లిగారిల్లా, బెల్లం గోదామా? పాలు తాగిన పెదవి మీద ఈగ కూసున్నది. ఊరోళ్ళు చెప్పింది కాదు, నా కండ్లతోని చూసిన."

"మీ ఇంట్ల మగ్గాల మోత లేదా? పిలగాడు ఎట్ల పండుకుంటడు?"

"మోతతోని విరేచనాలు పట్టవు వదినె."

కాంటాలో కూర్చున్న ఆయన గాలిలో కాళ్ళు ఆడిస్తూ ఒకసారి ఆమెనూ ఒకసారి నన్నూ చూస్తున్నాడు.

లోపలి నుంచి మనీషా గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. ఆపరేషన్ కుట్లు ఇంకా మానలేదు. లేవొద్దని ఇద్దరం ఒకేసారి అన్నాం.

"నన్నెవరన్న అడిగిన్రా?" అంది. "అత్తమ్మా, ఈ కుట్లతోని నేను ఎక్కడికీ రాలేను. బస్సుల కాదు, కారుల సుత రాలేను. అమ్మా, నీకు సుత చెప్తున్న. పిలగాని మీద ఈగలు వాలుతుంటే కుట్లు మానినంక ఈడ ఉండను. ఇద్దరూ మంచిగ ఇనుండ్రి."

తన మాట తాను చెప్పి, వచ్చినట్లే గోడ పట్టుకుని వెళ్ళిపోయింది. కాన్పుకు ముందు మా బిడ్డ ఇట్లా మాట్లాడేది కాదు.

నాకు ముఖం వేడెక్కింది. "వదినె, తొట్టెల దాక, పేరు పెట్టే దినం దాక టైమియ్యుండ్రి. ఆ లోపల ఆ అర్రల ఒక్కటంటే ఒక్క ఈగ కనబడ్డా, నేనే తీస్కచ్చి మీ ఇంట్ల దింపుత. మల్ల మాట్లాడ."

"ఒక్కటీ కనబడలేదని ఎవలు చెప్పాలె? మీ ఇంటి ఈగలను మీరే చూసి మీరే చెప్తరా?"

"మీరే చూడుండ్రి. ఈడనే ఉండి చూడుండ్రి."

కోపంలో అన్న మాట అది. ఆమె వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె తన చేతిసంచీని బెల్లానికి దూరంగా, గోడకున్న మేకుకు తగిలించింది.

"సరే. ఉంట."

"అమ్మా, నా బంగారం..." అన్నాడు కాంటాలో ఆయన.

మరునాడు పొద్దున మనీషా మా ఇద్దరినీ పిలిచింది. పొద్దంతా వెల్లకిలా పడుకునే మనిషికి ఇంట్లో ఏం జరుగుతుందో అందరికన్నా బాగా కనిపిస్తుంది. ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమె గుమ్మాన్నే చూస్తోంది.

"అవి ఊరికే ఎగిరి అస్తలేవు అమ్మా. వీపు మీద కూసొని అస్తున్నయి."

"ఎవల వీపు మీద?"

"ఎక్కువ నీ వీపు మీదనే. నీ చీరంత బెల్లం పాకమే. నువ్వు పర్ద ఎత్తుతవు, లోపలికి అస్తవు, అవి నీ మీద నుంచి దిగుతయి. ఒక్క పర్దతోని కాదు. రెండు గావాలె. మొదటిది దాటినంక నడిమి అర్రల నిలబడి దులుపుకోవాలె. మొదటి పర్ద మొత్తం పడ్డంకనే రెండోది ఎత్తాలె."

స్వర్ణలత కోడలి వైపు చూసింది. "నడిమి అర్రల దులిపితే ఆడనే తిరుగుతయి గదా?"

"నడిమి అర్రల లైటు ఉండొద్దు అత్తమ్మా. కరెంటు పోయినప్పుడు చూసిన. ఎటు వెలుగుంటే అటే పోతయి. దుకాణంల వెలుగుంటే మల్ల దుకాణంలకే పోతయి."

స్వర్ణలత ఫోన్ తీసి తన కొడుకు, మా అల్లుడు రంజిత్‌కు చెప్పింది. షెడ్డు నుంచి మందం బట్ట, మగ్గాల పాత నట్లు, దోమల జాలి, కుట్టు మిషను. అవన్నీ తెచ్చేసరికి మధ్యాహ్నం అయింది. రంజిత్ వచ్చీరాగానే కిటికీకి జాలి బిగించాడు. ఆమె నడిమి గదిలో మిషను ముందు కూర్చుని రెండు తెరలు కుట్టింది. గుమ్మం కన్నా మూరెడు వెడల్పు ఎక్కువ పెట్టింది. అడుగున గొట్టంలా మడిచి, అందులో నట్లు వేసి మూతి కుట్టేసింది. ఎత్తి వదిలితే తెర ఊగకుండా నేరుగా నేలను తాకింది.

"మగ్గం మీద పోగు గాని, దర్వాజకు పర్ద గాని, బరువు లేకుంటే నిలువది" అంది. అది నాతో అన్నదో తనలో తాను అనుకున్నదో తెలియదు.

మా ఆయన టేబుల్ ఫ్యానును నడిమి గదిలో ఎత్తుపీట మీద పెట్టి, గాలి దుకాణం వైపు కొట్టేటట్లు తిప్పాడు. బల్బు తీసేశాడు. నేను గుమ్మం పక్కన బకెట్టు, సబ్బు పెట్టాను. నియమాలు నేనే చెప్పాను. లోపలికి పోయేవాళ్ళు ఎవరైనా సరే, నడిమి గదిలో ఆగాలి, దులుపుకోవాలి, చేతులూ కాళ్ళూ కడుక్కోవాలి. బెల్లం ముట్టుకున్న మనిషి మాత్రం స్నానం చేసి చీర మార్చుకోకుండా రెండో తెర ఎత్తకూడదు.

ఆ మాట అన్న తర్వాత, బెల్లం ముట్టుకునేది నేనొక్కదాన్నేనని అర్థమైంది. ఇక పొద్దున్నుంచి దుకాణం మూసేదాకా నా మనుమడి ముఖం నేను చూడలేను; మూసి స్నానం చేసేసరికి నడిరాత్రి, వాడు చీకట్లో తల్లి పక్కన నిద్రలో ఉంటాడు. అన్న మాట అన్నదే. వెనక్కి తీసుకోలేదు.

జనం పెరిగారు. సందు నిండా కోడెలు, బోనాలు, తల వెంట్రుకలు తీయించుకుని పసుపు రాసుకున్న పిల్లలు. దుకాణంలో నేను కత్తితో ముద్దలు కొడుతూ, కాంటా దించుతూ, ఎత్తుతూ ఉండేదాన్ని. నా చుట్టూ ఈగలు ముసురుతుండేవి. వాటిని పట్టించుకునే తీరిక నాకు లేదు. అవి నా దగ్గర ఎన్ని ఉంటే లోపల అన్ని తక్కువ అనుకునేదాన్ని.

స్వర్ణలత నడిమి గదిలో చీకట్లో ముక్కాలిపీట వేసుకుని, భుజం మీద తువ్వాల వేసుకుని కూర్చునేది. ఆమె కాపలా ఎట్లా ఉండేదో మా ఆయన మేనత్త ఇంద్రమ్మ వచ్చిన రోజు తెలిసింది. ముసలామె కోరుట్ల నుంచి ముని మనుమణ్ని చూడాలని వచ్చింది. మొదటి తెర ఎత్తి నేరుగా రెండో తెర మీద చేయి వేసింది.

"ఆగు అవ్వా. ఆడనే నిలబడు."

చీకట్లో నుంచి మనిషి గొంతు వచ్చేసరికి ముసలామె ఉలిక్కిపడింది. "ఎవలే నువ్వు?"

"పిలగాని నాయనమ్మను. చీర దులుపుకో. కాళ్ళు కడుక్కో."

"మా ఇంట్ల నన్నే దులుపుకొమ్మంటవా? నేను పుట్టిన ఇల్లు గిది!"

"నువ్వు పుట్టినప్పుడు ఇంట్ల బెల్లం లేకుండె అవ్వా. దులుపుకో."

ముసలామె నా వైపు తిరిగి, "వనితా, ఇంటున్నవా?" అని అరిచింది.

"దులుపుకో అత్తా. నాకైతే లోపలికి పోనీకే లేదు" అన్నాను దుకాణంలో నుంచి.

ముసలామె సణుగుతూనే దులుపుకుంది. ఆమె కొంగు నుంచి లేచిన రెండు ఈగలు వెలుతురు వెతుక్కుంటూ, ఫ్యాను గాలితోపాటు తెర పక్క నుంచి దుకాణంలోకి వచ్చాయి. అవి నా కళ్ళ ముందు నుంచే ఎగిరి వెళ్ళాయి. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందంటే, కాంటాలో ఉన్న ఆయనకు ఇంకో చిన్న ముద్ద ఎక్కువే వేశాను.

ఒక యాత్రికుల కుటుంబం తమ పసిపాపను కాంటాలో కూర్చోబెట్టి తూకం వేయించుకుంది. అది చూసి మా ఆయన, మన మనుమడికి కూడా మొక్కు తీర్చేద్దామా అన్నాడు. తెర వెనక నుంచి జవాబు వచ్చింది: "పిలగాడు ఆ అర్రలకు రాడు. మొక్కు ఆగుతది, రాజన్న ఏమనుకోడు."

ఆ తెర వెనక నుంచే నాకు కబుర్లు అందేవి. "పాలు తాగిండు." "ఇప్పుడే పండుకున్నడు." "మనీషా అన్నం మంచిగ తిన్నది." ఆ గొంతులో మొదటి రోజుల్లో ఉన్న కరుకుదనం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. లోపల ఆమె పిల్లాడితో మాట్లాడుతుంటే వినిపించేది. నాతో ఎన్నడూ మాట్లాడని మాటలు వాడితో మాట్లాడేది. షెడ్డులో మగ్గాలు ఆర్డర్లు లేక సగం ఆగిపోయాయని, ఇల్లు బోసిపోయిందని, మీ తాత టీవీ ముందు నుంచి లేవడని చెప్పేది. "ఐదు నెలలు ఎట్ల ఆగాల్రా నేను?" అని ఒకసారి అడిగింది. కొడుకు తల్లి కదా, తొట్టెల నాడు వచ్చి చూసి పోవాలి, ఐదో నెలలో వచ్చి తీసుకుపోవాలి. నడుమ ఊరికే వచ్చి కూర్చుంటే చూసేవాళ్ళు ఏమంటారో అని ఆమె భయం. ఈగల మీద కోపంగా వచ్చిన మనిషి నిజంగా దేనికోసం వచ్చిందో నాకు ఆ రోజు తెలిసింది. కత్తి పక్కన పెట్టి చేతుల వైపు చూసుకున్నాను. మోచేతుల దాకా బెల్లమే. నేను ఇటువైపు ఉండి ఆగుతున్నాను, ఆమె అక్కడ సిరిసిల్లలో ఉండి ఆగాలి. అంతే తేడా.

జనం మేడారం తరలిపోయిన వారం సందు ఒక్కసారిగా ఖాళీ అయింది. మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేరు. మిగిలిన ముద్దల మీద టార్పాలిన్ కప్పుతున్నాను. లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు కాదు. గొంతులో నీళ్ళు కదిలినట్లు, ఎవరో కొత్తగా మాట నేర్చుకుంటున్నట్లు ఒక చిన్న కూత. ఆ వెంటనే మనీషా నవ్వు, "అమ్మా, వీడు మాట్లాడుతున్నడే!" అని కేక.

బకెట్టులో చేతులు ముంచాను. స్నానం చేయలేదు, చీర మార్చుకోలేదు, నడిమి గదిలో ఆగలేదు. మొదటి తెర నా వెనక పడిందో లేదో చూడకుండానే రెండో తెర ఎత్తాను.

స్వర్ణలత మంచం పక్కన పిల్లాడికి గుడ్డ మారుస్తోంది. వాడు కాళ్ళు కొట్టుకుంటూ పైకప్పు వైపు చూసి మళ్ళీ ఆ చప్పుడే చేశాడు. ఇంటికి వచ్చినప్పటి కన్నా వాడి బుగ్గలు నిండాయి. మెడ దగ్గర మడత పడింది. అది నాకు తెలియనే తెలియదు. నేను మంచం మీదికి వంగాను.

అప్పుడు వాలింది. నా భుజం మీద నుంచో వీపు మీద నుంచో తెలియదు, ఒక ఈగ వచ్చి పిల్లాడి మోకాలి పక్కన తెల్లటి ధోవతి గుడ్డ మీద వాలింది. తెల్లటి గుడ్డ మీద నల్లగా. నేను చూశాను. స్వర్ణలత చూసింది. మా చూపులు కలవలేదు, ఇద్దరం దాన్నే చూస్తున్నాం. ఒక్కటంటే ఒక్కటి అన్నది నేనే. తీసుకొచ్చి దింపుతానన్నది నేనే.

ఆమె భుజం మీది తువ్వాల కొస తీసుకుని, చప్పుడు లేకుండా, దీపం ఆర్పినట్లు దాని మీద వేసి అదిమింది. తువ్వాలను లోపలికి మడిచి నడుము దగ్గర దోపుకుంది.

"ఏంది అత్తమ్మా?" అంది మనీషా అటు తిరుగుతూ.

"ఏం లేదు. దూది."

పిల్లాడి కింద గుడ్డ తీసేసి కొత్తది వేసింది. వాణ్ని రెండు చేతులతో ఎత్తి నా వైపు చాపింది.

"పట్టుకో వదినె. ఎన్ని దినాలాయె నువ్వు ఎత్తుకోక."

అప్పటిదాకా ఆమె నన్ను మీరు అనే పిలిచింది.

నా చీర బెల్లంగా ఉందని చెప్పబోయాను. ఆమె అప్పటికే శుభ్రమైన గుడ్డ ఒకటి నా భుజం మీద పరిచింది. వాడు ఆ గుడ్డ మీద తల పెట్టి, నా మెడలోకి వెచ్చగా ఊపిరి వదిలాడు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరో దుకాణం ముందు నిలబడి పిలుస్తుంటే ఆమే వెళ్ళింది. "గిప్పుడు లేదు, మల్ల రాండ్రి" అని పంపేసింది. బెల్లం ముట్టుకోలేదు.

శివరాత్రి జాతర కూడా పోయాక తొట్టెల పెట్టుకున్నాం. దానికి రెండు రోజుల ముందు ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ పిల్లాణ్ని తూచి, మళ్ళీ తూచి, "బాగా పెంచారు" అంది. నేను స్వర్ణలత వైపు చూపించాను. ఆమె మనీషా వైపు చూపించింది.

సిరిసిల్ల నుంచి రెండు కార్లలో జనం వచ్చారు. స్వర్ణలత భర్త బాలకిషన్ తెల్ల చొక్కా వేసుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక కాంటా పక్కన నిలబడ్డాడు. దుకాణంలో బెల్లం అయిపోయింది. గది కడిగి చాపలు పరిచాను. పిల్లాడికి విహాన్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంద్రమ్మ అత్తకు ఎంతకీ నోరు తిరగలేదు, చివరికి "రాజడు" అని తానే ఒకటి పెట్టుకుంది.

పాటలు అయ్యాక భోజనాల దగ్గర బాలకిషన్ వాళ్ళ అక్క, పెద్దమనిషి, అందరూ వినేటట్లు అడిగింది:

"ఏం స్వర్ణలతా, పిలగాన్ని తీస్కపోతనన్నవట గదా? ఇక్కడంత ఈగలని చెప్తివి. కార్లు అచ్చినయి, ఎక్కించుకొని పోదామా మరి?"

వడ్డిస్తున్న నా చేయి ఆగింది. మనీషా తొట్టెల తాడు పట్టుకుని ఉంది. మా ఆయన నీళ్ళ జగ్గుతో నిలబడిపోయాడు.

స్వర్ణలత పప్పు కలుపుకుంటున్న అన్నం ముద్ద కిందికి దించింది.

"మొదలు ఉండె. ఇప్పుడు లేవు" అంది. "నెల దినాలు ఆ దర్వాజ కాడ నేనే కూసున్న. ఒక్క ఈగ నా కండ్లతోని చూడలే. కోడలు ఐదో నెల దాక ఈడనే ఉంటది."

"ఒక్కటి సుత?"

"ఒక్కటి సుత."

అని అన్నం తినడం మొదలుపెట్టింది. నేను ఆమె విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేశాను. వద్దనలేదు.

సాయంత్రం కార్లలో అందరూ వెళ్ళారు. చోటు చాల్లేదని ఆమె బస్సుకు ఆగింది. చోటు ఉంది, నేను చూశాను. మా ఆయన ఆటోలో ఇద్దరం బస్టాండుకు వచ్చాం. దారంతా ఆమె పిల్లాడి గురించి చెబుతూనే ఉంది. పొద్దున పాలు తాగాక భుజం మీద వేసుకుని తట్టాలని, ఎడమ పక్కకు పడుకోబెడితే త్వరగా నిద్రపోతాడని, జాలికి కింద మూల ఒక మేకు వదులైందని. నేను అన్నిటికీ ఊ కొట్టాను. ఆ మధ్యాహ్నం గురించి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సిరిసిల్ల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. కండక్టర్ విజిల్ వేశాడు.

"ఆదివారం అస్త వదినె" అంది.

బస్సు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ఆమె కిటికీ ఊచ పట్టుకుని ముఖం ఇటు తిప్పింది.

"అస్తనా?"

నేను బస్సుతోపాటు నాలుగడుగులు నడిచి, ఇంజను మోతలో వినపడాలని గట్టిగా చెప్పాను:

"శనివారమే రా. బట్టలు ఎక్కువ తెచ్చుకో."